చెరువు గట్టున మూడో జవాబు

కరోనా సర్దుమణిగాక వచ్చిన రెండో వేసవిలో, పదవీ విరమణకు ఇంకా ఏడాదిన్నర ఉందనగా, నన్ను ఏలూరు ల్యాబు నుంచి తాడేపల్లిగూడెం హెడ్డాఫీసుకు బదిలీ చేశారు. కొత్త హోదా పేరు ఫీల్డ్ వాలిడేషన్ హెడ్. పేరు ఘనంగా ఉంది గానీ పని సూటిగానే ఉంది. కంపెనీ తయారుచేసిన సలహాల యాప్ చేపల రైతులకు చెప్పే మాటలు చెరువులో నిజంగా పనికొస్తున్నాయో లేదో చూసి, పనికొస్తున్నాయని సంతకం పెట్టాలి. పనికిరావడం లేదని తేలితే ఏం చేయాలో ఉత్తర్వులో ఎక్కడా లేదు. బహుశా ఆ అవసరం రాదనుకుని ఉంటారు.

మా కంపెనీ చేపల దాణా, చెరువు మందులు తయారుచేస్తుంది. నేను జువాలజీలో ఎమ్మెస్సీ చదివి ల్యాబ్ అసిస్టెంటుగా చేరి, అనలిస్టు, ల్యాబ్ ఇన్‌చార్జి మెట్ల మీదుగా టెక్నికల్ మేనేజర్ దాకా వచ్చాను. ఈ రంగంలో ఆ హోదాకు వచ్చిన ఆడవాళ్ళు తక్కువ. గట్ల మీద ఎదురుగా 'మేడంగారు' అని, నేను కారెక్కాక 'మైక్రోస్కోపు మేడం' అని పిలిచేవాళ్ళని నాకు తెలుసు. నిజం చెప్పొద్దూ, ఆ పేరు నాకు నచ్చేది.

నా కింద కొందరు ఫీల్డ్ టెక్నీషియన్లు ఉండేవారు. భీమడోలు రైలు గేటు దాటి కిందికి, కొల్లేటి అంచు దాకా ఉన్న చెరువుల్ని వాళ్ళు పంచుకునేవారు. మోటారు సైకిలు మీద తిరిగి నీళ్ళు పరీక్ష చేయడం, చేపని పట్టి చూడడం, మిగతా వేళల్లో రైతుల ఫోన్లకు జవాబు చెప్పడం వాళ్ళ పని. ఆ ఫోన్ల పనిని యాప్‌కి అప్పగించి, టెక్నీషియన్లను దాణా అమ్మకాలకు మళ్ళించాలన్నది మా ఎండీ గారి ఆలోచన.

ఎండీ గారు చెడ్డవారు కాదు. పెంటపాడు దగ్గర రైసు మిల్లుల కుటుంబం వారిది. కొత్త వస్తువు కనిపిస్తే చేతులు ఊరుకోవు. ఆ రోజుల్లో ఆయనకు ఏఐ మీద మోజు పట్టింది. గేటు దగ్గర మొహం చూసి హాజరు వేసే కెమెరా పెట్టించారు. నేను తలంటు పోసుకుని జుట్టు వదులుగా ముడేసుకొచ్చిన రోజున అది నన్ను గుర్తుపట్టేది కాదు. వాచ్‌మన్ వచ్చి 'మా మేడంగారేనమ్మా' అని దానికి నచ్చజెప్పబోయేవాడు. లారీలు తూచే కాటా లెక్క చెప్పి ఊరుకోకుండా డ్రైవర్లకు శుభోదయం చెప్పేది. క్యాంటీన్‌లో పెట్టిన కాఫీ మిషను 'మీ అభిరుచిని నేర్చుకుంటున్నాను' అంటూ అందరికీ ఒకే కాఫీ పోసేది. చివరికి దాణా సంచి మీద కూడా 'ఏఐ ఆధారితం' అని అచ్చు వేశారు. దాణాలో ఏఐ ఎక్కడుందండీ అని ప్రొడక్షన్ మేనేజరుని అడిగితే, ఆయన కాసేపు ఆలోచించి, 'అచ్చు వేసే మిషను కొత్తది కదండీ' అన్నాడు.

వీటితో నాకు పేచీ లేదు. కాఫీ ఎలా ఉన్నా చేపకు నష్టం లేదు. యాప్ సంగతి అలా కాదు.

ఆ యాప్ గొంతుకు 'జలజ' అని పేరు పెట్టారు. ఆడ గొంతు. చక్కని తెలుగు, ప్రతి మాటకీ అండీ. రైతు పొద్దున్నే ఫోనులో బొమ్మ నొక్కితే జలజ పలకరించి, ప్రశ్నలు అడిగి, అతను అవునన్నదాన్నీ కాదన్నదాన్నీ బట్టి ఏ మందు వెయ్యాలో, మేత ఎంత తగ్గించాలో చెబుతుంది. తయారుచేసినవాడు కార్తీక్ అని హైదరాబాదు నుంచి వచ్చిన ప్రొడక్ట్ మేనేజరు. తెలివైనవాడు, మర్యాదస్తుడు, చెరువులో కాలు పెట్టనివాడు. మొదటి వారంలోనే నాతో, 'మేడమ్, జలజ అలిసిపోదు, విసుక్కోదు, సెలవు పెట్టదు' అన్నాడు. మా టెక్నీషియన్లు ఈ మూడూ చేస్తారు కాబట్టి నేను కాదనలేకపోయాను.

నా అనుమానం వేరు. అది మా ప్రాంతపు మర్యాదకు సంబంధించినది.

మా గోదావరి జిల్లాల్లో ఎదుటి మనిషి మొహం మీద కాదనడం మోటుతనం. నేను పుట్టింది అత్తిలిలో. పక్కింటావిడ మా ఇంట్లో పులుసు రుచి చూసి 'కాస్త ఉప్పు తగ్గింది కదూ వదినా' అంటే, సరిగ్గా సరిపోయినా సరే మా అమ్మ 'అవును వదినా, ఓ రవ్వ తగ్గింది' అనేది. చెరువు గట్టు మీదా అంతే. ఎండలో బండి మీద వచ్చిన టెక్నీషియను 'మందు వేశారా అండీ' అని అడిగితే, వెయ్యకపోయినా 'వేసేమండి' అంటారు. అది అబద్ధం కాదు. వచ్చినవాడిని చిన్నబుచ్చకూడదని అన్న మాట. ఆ వెంటనే కొబ్బరి బొండాం కొట్టి ఇస్తారు. అందుకే మా ల్యాబులో ఒక అలవాటు చేశాను. మొదటి 'అవునండి' లెక్కలోకి రాదు. 'నీరు పచ్చగా ఉందా' అని అడగకూడదు, 'నీరు ఏ రంగులో ఉంది' అని అడగాలి. 'మందు వేశారా' అనకూడదు, 'ఖాళీ డబ్బా ఏదండీ' అనాలి. కొత్తగా చేరిన టెక్నీషియనుకి ఆక్సిజన్ మీటరు పట్టుకోవడం కంటే ముందు ఇది నేర్పేదాన్ని.

జలజ ప్రశ్నలన్నీ అవునో కాదో చెప్పమనేవి. ఈ సంగతి మీటింగులో చెప్పాను. కార్తీక్ శ్రద్ధగా విన్నాడు. అయితే పరీక్ష కోసం నడిపిన చెరువుల్లో జలజ చెప్పినవీ, మా ల్యాబు చెప్పినవీ చక్కగా కలిశాయని చూపించాడు. కలవడం నిజమే. ఆ చెరువుల దగ్గర ప్రతిసారీ మా టెక్నీషియను పక్కన నిలబడి ఉండేవాడు. పక్కన మనిషి లేనప్పుడు ఏమవుతుందో తెలియాలంటే ఒక పంట కాలం చూడాలన్నాను. ఎండీ గారు అంతా విని, 'చూద్దురుగానీండి, ముందు లాంచ్ చేసేద్దాం' అన్నారు. యాప్ విడుదలకు ఒక వీడియో తీయాలని, అందులో మంచి రైతుని చూపించాలని నిర్ణయమైంది.

పరీక్షలు అయ్యాక, విడుదలకు ముందే యాప్‌ని కొందరు రైతుల ఫోన్లలో వేసి, పక్కన టెక్నీషియను లేకుండా వాడనిచ్చారు. మంచి రైతును ఎంచింది కూడా యాప్ లెక్కలే. జలజ ఏం చెప్పినా అలాగేనని, ప్రతిరోజూ అయిదు నక్షత్రాలూ ఇచ్చిన మనిషి ఒకడు తేలాడు. పేరు యేసుపాదం. భీమడోలుకు దిగువన కొల్లేటి వైపు పల్లె. ఇరవయ్యేళ్ళ పైచిలుకు వేరేవాళ్ళ చెరువుల మీద కాపలా ఉండి, ఆ ఏడాదే మొదటిసారి సొంతంగా ఒక చెరువు లీజుకు తీసుకున్నాడు. చెరువు ఆసామి మాట ఖచ్చితంగా చెప్పాడట: ఈ పంట నిలబడితే లీజు కొనసాగుతుంది, లేకపోతే చెరువు వేరేవాళ్ళకి. అంటే పంట పోతే యేసుపాదం మళ్ళీ కాపలా పాకలోకి వెళ్ళాలి. ఈ వివరం కారులో వెళుతుండగా కార్తీక్ చెప్పాడు. వీడియోకి మంచి కథ అని అతని సంబరం.

చలి మొదలవుతున్న రోజులు. నేను, కార్తీక్, ఫొటోలు తీసే ఆయన పొద్దున్నే బయలుదేరి ఎండ ముదరకముందే గట్టు మీదికి చేరాం. యేసుపాదం ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు. అతని భార్య రత్నం స్టీలు క్యారేజీలో ఇడ్లీలు, అల్లం పచ్చడి పట్టుకొచ్చింది. తినేదాకా పని మొదలుపెట్టనివ్వలేదు.

చదివేవారికి కొల్లేటి చెరువుల్లో మేత వేసే తీరు చెప్పాలి. చెరువులో వరసగా కర్రలు పాతుతారు. అడుగున చిల్లులు పెట్టిన సంచుల్లో తవుడూ, నూనె తీసిన చెక్కా, దాణా కలిపి నింపి, పొద్దున్నే పడవ మీద వెళ్ళి కర్రలకి కడతారు. చేప వచ్చి చిల్లుకి మూతి ఆనించి లాక్కుని తింటుంది. సంచి ఖాళీగా వస్తే చేప బాగున్నట్టు. బరువుగా వస్తే ఏదో తేడా ఉన్నట్టు. ఇంతకంటే నమ్మకమైన పరీక్ష మా ల్యాబులో కూడా లేదు.

ఫొటోగ్రాఫరు కెమెరా బిగించుకుంటూ, 'అబ్బ, ఏం ఎగురుతున్నాయండీ చేపలు!' అన్నాడు. చూశాను. నిజంగానే శీలావతులు నీళ్ళలోంచి పైకి లేచి పడుతున్నాయి. బాగానే ఉందనుకుని ఇంకాసేపు చూశాక లేచి గట్టు అంచు దాకా వెళ్ళాను. చెరువు నడిమధ్య ఎక్కడా ఎగరడం లేదు. కర్రల దగ్గరే లేస్తున్నాయి. లేచి పడేటప్పుడు ఒంటిని కర్రకేసి రాసుకుంటున్నాయి. హుషారుగా ఉన్న చేప అలా చెయ్యదు. ఒంటి మీద ఏదో పట్టుకుని పీడిస్తుంటే, దాన్ని వదిలించుకోవడానికి చేస్తుంది.

'సంచులు ఎలా వస్తున్నాయి యేసుపాదం గారూ?' అని అడిగాను.

'బాగానే వస్తన్నాయండి,' అన్నాడు.

మొదటి అవునండి. నేను గట్టు దిగి పడవ దగ్గరికి వెళ్ళాను. నిన్నటి సంచులు అందులోనే ఉన్నాయి. ఒకటి ఎత్తబోతే ఎత్తలేకపోయాను. తడిసి పులిసిన తవుడు సగానికి పైగా అలాగే ఉంది. ఆ వాసనకి కార్తీక్ ముక్కు మూసుకున్నాడు. ఇలా ఎన్నాళ్ళ నుంచి మిగులుతోందని అడిగితే యేసుపాదం చొక్కా గుండీ సర్దుకుంటూ, కొన్నాళ్ళ నుంచే మిగులుతోందనీ, జలజ గారితో చెబితే నీటిలో ఆక్సిజన్ తగ్గింది, మేత తగ్గించి ఆక్సిజన్ పొడి చల్లమన్నదనీ, చల్లినా తినకపోతే ఇక చేపను ఉంచడం ప్రమాదం, పట్టేయమన్నదనీ చెప్పాడు.

'పట్టుబడి ఎప్పుడు?'

'రేపు తెల్లారేసరికండి. వల బ్యాచీ వాళ్ళకి చెప్పేసేమండి. ఐసు కూడా వచ్చేత్తాది.'

పట్టుబడి అంటే చెరువంతా వల లాగి పంట తీసేయడం. ఒకసారి వల పడితే ఇక వెనక్కి తీసుకునేది లేదు. చేప చూడబోతే అమ్మకపు బరువులో సగం కూడా పెరగలేదు. ఆ సైజుకు రేపు పడితే లీజు పోతుంది. అది ఆ గట్టు మీద నిలబడ్డ అందరికీ తెలుసు, రత్నానికి అందరికంటే బాగా తెలుసు. ఆవిడ క్యారేజీ గిన్నెలు కడుగుతూ మా మాటలు వింటోంది.

విసురువల తెమ్మన్నాను. యేసుపాదం కాస్త తటపటాయించి తెచ్చాడు. కర్రల దగ్గర వల విసిరి లాగితే నాలుగైదు చేపలు పడ్డాయి. తడి గుడ్డ మీద ఒకదాన్ని పెట్టి రెక్క పైకెత్తాను. రెక్క మొదట్లో పెసరబద్దంత పురుగులు, లోపలినుంచి వెలుతురు కనిపించేంత పల్చగా, అంటుకుని ఉన్నాయి. వేలితో తాకితే పక్కకి జరిగాయి. చేప పేను. రక్తం పీల్చే జీవి. చుట్టూ పొలుసు ఎర్రబారి ఉంది. మైక్రోస్కోపు అక్కర్లేదు, కళ్ళుంటే చాలు. మా వృత్తిలో ఇది మొదటి పాఠంలో వచ్చే జబ్బు.

కార్తీక్ తన ఫోను తీసి వెతికాడు. జలజ పేను సంగతి అడగకపోలేదు. 'చేప ఒంటి మీద పేను కనిపిస్తోందా అండీ?' అని అడిగింది. 'లేదండి' అని జవాబు ఉంది. 'చేపలు చురుగ్గా ఉన్నాయా అండీ?' అంటే 'ఉన్నాయండి, ఎగురుతున్నాయి కూడానండి' అని ఉంది. ఎక్కడ ఎగురుతున్నాయని అది అడగలేదు. పేను లేదు, చేప చురుగ్గా ఉంది, మేత మాత్రం తినడం లేదు కాబట్టి ఆక్సిజన్ అని తేల్చింది. ఇచ్చిన జవాబులకు అది సరైన లెక్కే.

వల వేసి చూడకుండా పేను లేదని ఎలా చెప్పారండీ అని యేసుపాదాన్ని అడిగాను. కోపంగా అడగలేదు, కానీ అతను తల వంచుకున్నాడు.

'ఆయమ్మ అంత మర్యాదగా అడుగుతంటే చూళ్ళేదని ఎలా చెప్తామండీ మేడంగారూ? ఏం మనిషిరా వీడు, చెరువు పెట్టుకుని చేపని కూడా చూసుకోడా అనుకోదాండీ? పోనీ చూసి చెప్తానందామంటే, అవునో కాదో చెప్పండి, అవునో కాదో చెప్పండి అని మళ్ళీ అదే అడుగుద్దండి. లేదండి అనేసేను.'

కార్తీక్ ఆ మాటకు దెబ్బ తిన్నట్టు అయిపోయాడు. 'అది మనిషి కాదు కదండీ' అని నెమ్మదిగా అన్నాడు. 'తెలుసండి' అన్నాడు యేసుపాదం, 'అయినా ఆడమనిషి గొంతు కదండీ.' ఫొటోగ్రాఫరు నవ్వబోయి మానేశాడు. నాకు నవ్వు రాలేదు. ఆ మర్యాదలో పెరిగిన దాన్నే నేనూ.

అప్పుడు రత్నం చెయ్యి తుడుచుకుంటూ వచ్చి నా ఎదురుగా నిలబడింది. 'మేడంగారూ, ఇదంతా మాకు తెలవదండి. రేపు పట్టమంటారా, ఆపమంటారా? మీరు ఒక్క మాట చెప్పండి. ఆ మాట మీద ఉంటాం,' అంది.

నాకు భయం వేసింది. ఆ భయాన్ని దాచుకోవలసిన అవసరం ఇప్పుడు లేదు. పేనుకు మందు ఉంది, పనిచేస్తుంది. కానీ పేను కుట్టిన చోట పుండు పడుతుంది, చలి ముదిరితే ఆ పుండులో వేరే జబ్బు దిగుతుంది. ఆపి వైద్యం చేస్తే పంట మొత్తం నిలబడవచ్చు, మొత్తం తేలిపోనూవచ్చు. రేపు పట్టేస్తే కొంతైనా చేతికొస్తుంది. జలజ చెప్పింది పిచ్చి సలహా కాదు, పిరికి సలహా. పైగా అది నేను పనిచేసే కంపెనీ ఇచ్చిన సలహా. దాన్ని కాదని నేను చెప్పిన మాట తప్పితే ఈ ఇద్దరి మొహాలూ చూడాల్సింది నేనే. నేను ఇంకో నాలుగు చేపల్ని తెప్పించి, మొప్పలు ఎత్తి చూశాను. మొప్పలు ఎర్రగా, శుభ్రంగా ఉన్నాయి. పుండ్లు ఇంకా లోతుకు దిగలేదు. అది చూశాకే నోరు విప్పాను.

'ఆపండి,' అన్నాను. 'తేడా వస్తే నా పేరు చెప్పండి.'

యేసుపాదం వెంటనే 'అలాగేనండి' అన్నాడు. రత్నం మాత్రం నా మొహంలోకి కాసేపు చూసి, 'సరేనండి' అంది.

గట్టు మీద నుంచే ఎండీ గారికి ఫోను చేశాను. వీడియో ఎంతవరకు వచ్చిందని ఉత్సాహంగా అడిగారు. సంగతి చెప్పాను. 'మన యాప్ చెప్పిందాన్ని మన మేనేజరే కాదంటే బజారులో మన పరువేం కావాలండీ?' అన్నారు. చేప చచ్చాక పోయే పరువు కంటే ఇది తక్కువేనండీ అన్నాను. నాకు కాస్త నోటి దురుసు ఉంది, అది ఉద్యోగంలో ఎప్పుడూ మేలు చెయ్యలేదు. ఆ రోజు మాత్రం ఆయన ఊరుకున్నారు. ఇక నాకు ఆశ్చర్యం కలిగించినవాడు కార్తీక్. నా చేతిలోంచి ఫోను తీసుకుని, 'సార్, మేడమ్ చెప్పింది కరెక్టు. లాంచ్ ఆపుదాం,' అన్నాడు. తన బిడ్డలాంటి దాన్ని తనే ఆపమనడానికి ఎంత గుండె కావాలో నాకు తెలుసు.

వైద్యం గొప్ప విద్యేమీ కాదు, ఓపిక. చేప పేను గుడ్లను గట్టిగా ఉండే వస్తువు మీద పెడుతుంది. కొల్లేటి చెరువులో సంచి కట్టే కర్ర కంటే అనువైనది ఇంకేముంది? కాబట్టి మందు చల్లినంత మాత్రాన చాలదు. కర్రల్ని వంతులవారీగా పీకి, గట్టు మీద ఎండబెట్టి, గుడ్లు మాడిపోయాక మళ్ళీ పాతాలి. అప్పటికే అమ్మకాలకు పంపేసిన మా సీనియర్ టెక్నీషియను వీర్రాజుని ఆ విభాగం నుంచి నేను అప్పు తెచ్చుకున్నాను. అతను పడవ మీద తిరిగి చెరువు లోతు చాలా చోట్ల కొలిచాడు. నీరెంతో తెలిస్తేనే మందు మోతాదు తెలుస్తుంది. తక్కువైతే పేను చావదు, ఎక్కువైతే చేప చస్తుంది. యేసుపాదానికి నేను ఒకే పని చెప్పాను. రోజూ సంచుల్లో మిగిలిన మేతను నేల మీద కుప్పపోసి ఫొటో తీసి పంపమన్నాను. బాగుందా అని నేను అడగను, బాగుందని మీరు చెప్పొద్దు అన్నాను.

మొదట్లో కొన్ని చేపలు చచ్చి గట్టుకు కొట్టుకొచ్చాయి. ఆ ఫొటో చూసిన రోజు నాకు అన్నం సహించలేదు. వీర్రాజు ఫోను చేసి, మేడంగారూ ఇవి ముందే పుండు ముదిరినవండి, కొత్తవి కావండి అని చెప్పినా నమ్మకం కుదరక, నేనే బస్సెక్కి భీమడోలులో దిగి, ఆటో మాట్లాడుకుని వెళ్ళి చూశాను. అతను చెప్పిందే నిజం. తర్వాత ఫొటోల్లో కుప్ప కొంచెం కొంచెం తగ్గుతూ వచ్చింది. ఒకరోజు ఫొటోలో కుప్పే లేదు, తడి నేల ఉంది. ఆఫీసులో నా పక్క బల్ల దగ్గర కూర్చునే అకౌంటెంటు అమ్మాయికి ఆ ఫొటో చూపించి మురిసిపోయాను. ఉత్త మట్టిని చూసి ఈవిడ ఎందుకు నవ్వుతోందో పాపం ఆ అమ్మాయికి అర్థం కాలేదు.

మాఘమాసంలో పట్టుబడి జరిగింది. చేప పూర్తి బరువుకు రాలేదు గానీ బజారు మెచ్చే బరువుకు వచ్చింది. చెరువు యేసుపాదం చేతిలోనే ఉండిపోయింది.

ఆ మధ్యకాలంలో హెడ్డాఫీసులో యాప్ గురించి పెద్ద చర్చే నడిచింది. నేను కోరినవి గొప్ప మార్పులు కావు. జవాబుల్లో అవును, కాదు పక్కన 'చూడలేదు' అని మూడోది పెట్టమన్నాను. ఆ మాట చెప్పినవాడిని జలజ వదిలేయాలి. చూసొచ్చి చెప్పండి, తొందరేం లేదు అనాలి. నీరు పచ్చగా ఉందా అని కాకుండా ఏ రంగులో ఉందని అడగాలి. ఇక మందు వెయ్యమని గానీ పట్టుబడి చెయ్యమని గానీ చెప్పే అధికారం యంత్రానికి ఉండకూడదు. అక్కడికి మనిషి వెళ్ళి, చేపని చేత్తో పట్టుకుని, తన పేరు మీద చెప్పాలి.

ఎండీ గారు దిగాలుగా, 'అయితే ఇక ఏఐ అని చెప్పుకోవడానికి మనకేం మిగిలిందండీ?' అన్నారు. దానికి జవాబు కార్తీక్ దగ్గర ఉంది. రోజూ వచ్చే వందలాది జవాబుల్లో తేడాగా ఉన్నవాటిని ఏరి, టెక్నీషియను ముందు ఎవరి చెరువుకి వెళ్ళాలో జలజ వరస వేసి ఇస్తుందన్నాడు. ఆ పని అది మా అందరికంటే బాగా చేసింది. ఇదివరకు వీర్రాజు బాగా మాట్లాడే రైతుల దగ్గరికి ముందు వెళ్ళేవాడు. ఇప్పుడు 'చూడలేదు' అన్నవాళ్ళ దగ్గరికి ముందు వెళ్ళడం మొదలుపెట్టాడు. అమ్మకాలకు వెళ్ళిన టెక్నీషియన్లలో ఇద్దరు తప్ప అందరూ వెనక్కి వచ్చారు. ఆ ఇద్దరికీ అక్కడే బాగుందట. దాణా సంచి మీది అచ్చు మాత్రం ఎండీ గారు తీయనివ్వలేదు. ఆయన ముచ్చట ఆయనది.

కార్తీక్ ఆ పైన నెలకోసారి చెరువుల మీదికి రావడం అలవాటు చేసుకున్నాడు. లుంగీ కట్టుకుని పడవ ఎక్కబోయి ఒకసారి నడుం దాకా నీళ్ళలో పడ్డాడు. రత్నం పొడి తువ్వాలు ఇచ్చి, వేడి టీ పోసి, కడుపు నిండా నవ్వింది. అతనూ నవ్వాడు.

విరమణకు ముందు ఆఖరి పర్యటనగా యేసుపాదం చెరువుకే వెళ్ళాను. రెండో పంటకి చేపపిల్ల వేసి ఉంది. గట్టు మీద నిలబడి చేప ఎగరడం చూసి, పేను మళ్ళీ వచ్చినట్టుంది, కర్రలు పీకించండి అన్నాను. నా అనుభవం మీద నాకున్న ధీమా అది.

యేసుపాదం అలాగేనండి అనలేదు.

'కాదండి మేడంగారూ,' అన్నాడు. 'పొద్దున్నే వలేసి చూసేనండి. పేను లేదండి. అది గాలికి ఎగురుతుందండి, కర్రల దగ్గర కాదండి, చూడండి.'

చూశాను. అతను చెప్పిందే సరి. రిటైర్మెంటు రోజున దండలు వేశారు, శాలువా కప్పారు, ఎండీ గారు చాలా మంచి మాటలు చెప్పారు. వాటన్నింటికంటే ఆ 'కాదండి' నాకు ఎక్కువ సంతోషం ఇచ్చింది.

మా వృత్తిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు ఈ మధ్య నన్ను యంత్రాన్ని ఎంతవరకు నమ్మాలి అని అడుగుతుంటారు. నేను చెప్పేది ఇంతే. యంత్రమైనా నిపుణుడైనా, ఎంత చక్కగా జవాబు చెబుతున్నారన్నది తర్వాత చూడండి. ఎదుటివాడు 'చూడలేదు' అనడానికీ, 'కాదు' అనడానికీ అక్కడ వీలుందో లేదో ముందు చూడండి. ఆ వీలు లేనిచోట వచ్చే ప్రతి అవునూ అనుమానించదగిందే.